షైలో యుద్ధం ఎందుకు జరిగింది? జవాబు కోరింత్ జంక్షన్‌లో ఉంది

అమెరికా అంతర్యుద్ధం మీద వీడియో చేసేవాళ్లంతా షైలో గురించి చెబుతారు. 1862 ఏప్రిల్ 6, 7 తేదీలు, చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి దాదాపు 24 వేలు, కాన్ఫెడరేట్, అంటే విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల, జనరల్ జాన్‌స్టన్ మరణం. అక్కడితో సరి. అడవిలో ఓ చిన్న చర్చి దగ్గర అంతమంది ఎందుకు కొట్టుకున్నారో ఎవరూ చెప్పరు. నాకు చిరాకు అక్కడే.

[మ్యాప్: షైలో నుంచి కోరింత్]

అక్కడికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, మిసిసిపీ రాష్ట్రంలో కోరింత్ ఉంది. మెంఫిస్ నుంచి తూర్పుకు వెళ్లే రైలు మార్గం, దక్షిణాన మొబైల్ రేవు నుంచి ఉత్తరానికి వెళ్లే మార్గం సరిగ్గా ఈ ఊళ్లో ఒకదాన్నొకటి దాటుతాయి. మన కాజీపేట అనుకోండి. అక్కడ పట్టాలు శత్రువు చేతిలో పడితే బల్లార్షా, విజయవాడ, సికింద్రాబాద్ వైపు బండ్లన్నీ ఒకేసారి చిక్కుకుంటాయి కదా! యూనియన్, అంటే ఉత్తరాది పక్షం, జనరల్ గ్రాంట్ సైన్యం టెనెస్సీ నది ఒడ్డున దిగింది ఈ జంక్షన్ కోసమే. మరో యూనియన్ జనరల్ బ్యూయెల్ సైన్యం వచ్చి గ్రాంట్‌తో కలిసేలోపే దెబ్బ కొట్టాలని జాన్‌స్టన్ కోరింత్ నుంచి బయల్దేరాడు. అదే షైలో.

ఓడిన కాన్ఫెడరేట్ సైన్యం మళ్లీ కోరింత్‌కే చేరింది. ఇళ్లు, చర్చిలు, స్టేషన్ పక్కనున్న టిషమింగో హోటల్ అన్నీ ఆస్పత్రులయ్యాయి. కాజీపేటలో ఒక్కసారిగా వేలకువేల సైనికులు దిగితే తాగడానికి నీళ్లెక్కడివి? రైళ్లు మనుషుల్ని తెచ్చిపడేశాయి, బావులు మాత్రం చిన్న ఊరికి సరిపడేవే. టైఫాయిడ్, విరేచనాలతో వేలమంది మంచానపడ్డారు. నా దృష్టిలో కోరింత్‌ను ఖాళీ చేయించింది ఫిరంగులకన్నా ఈ నీళ్లే.

అవతల యూనియన్ జనరల్ హాలెక్ లక్షకు పైగా సైన్యంతో, అడుగడుగునా కందకాలు తవ్వుకుంటూ, ఆ కాస్త దూరానికి నెల తీసుకున్నాడు. అంత జాగ్రత్త ఏ రకంగానూ సమర్థించలేనిది.

[మే 29 రాత్రి]

నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే. కాన్ఫెడరేట్ జనరల్ బోరిగార్డ్ రోగుల్ని, సామాన్లను రైళ్లలో పంపేస్తున్నాడు. ఖాళీ బండి స్టేషన్‌కు వచ్చినప్పుడల్లా, కొత్త సైన్యం దిగినట్టు సైనికులు గట్టిగా కేకలు వేయాలి. ఫిరంగులున్న చోట నల్లరంగు పూసిన దుంగలు పెట్టారు, నెగళ్లు ఆరనివ్వలేదు. అవతలివాళ్లకు రాత్రంతా రైలు కూతలు, జేజేలు. దాడి తప్పదని ఒకటే టెన్షన్. మే 30 తెల్లవారి చూస్తే ఊళ్లో సైన్యం లేదు.

టైమ్ అయిపోతోంది, మిగతాది త్వరగా చెప్పేస్తాను. అక్టోబర్ 3, 4 తేదీల్లో కాన్ఫెడరేట్ జనరల్ వాన్ డోర్న్ జంక్షన్‌ను తిరిగి పట్టుకోవాలని వచ్చాడు. రాబినెట్ బ్యాటరీ అనే యూనియన్ ఫిరంగుల స్థావరం ముందు అతని సైన్యం కుప్పకూలింది. జంక్షన్ యూనియన్ చేతిలోనే నిలవడంతో గ్రాంట్ మిసిసిపీ నది ఒడ్డున కాన్ఫెడరేట్ల చేతిలో ఉన్న విక్స్‌బర్గ్ వైపు కదలగలిగాడు, 1863 జులై 4న అది లొంగిపోయింది.

ఇంకొక్క మాట, ఇది వదిలేస్తే తప్పు. బానిసత్వం నుంచి తప్పించుకున్న వేలమంది నల్లజాతీయులు యూనియన్ చేతిలో ఉన్న కోరింత్‌కు వచ్చారు. వాళ్ల శిబిరంలో బడి, చర్చి, ఆస్పత్రి, సహకార పొలం ఉండేవి. అక్కడి మగవాళ్లతో ఒక రెజిమెంట్ కూడా తయారైంది. 1863 డిసెంబర్‌లో శిబిరాన్ని మెంఫిస్‌కు తరలించారు. మరుసటి నెలలో యూనియన్ సైన్యం కూడా కోరింత్‌ను వదిలి వెళ్లిపోయింది.