బోటు కొంటున్నారా? డీలర్ కోట్‌లో టాక్స్ లైన్ రివ్యూ

నమస్తే అండి. అమెరికాలో బోటు కొనాలనుకునే మనవాళ్లు ఇంజిన్ హార్స్‌పవర్ మీద గంటల కొద్దీ వీడియోలు చూస్తారు. టాక్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం డీలర్ రాసిందే వేదం. అందుకే ఇవాళ ఆ కోట్‌నే, అంటే డీలర్ రాసిచ్చే ధరల కాగితాన్నే, రివ్యూకి తీసుకున్నాం.

స్క్రీన్ మీద చూడండి. పాంటూన్ బోటు (తేలే గొట్టాల మీద చదునైన డెక్ ఉండే బోటు), ఔట్‌బోర్డ్ మోటారు (బోటు వెనక బయట బిగించే ఇంజిన్) కలిపి 56,000 డాలర్లు. ట్రైలర్ 4,000. లెక్క సులువుగా ఉంటుందని మేం వేసుకున్న అంకెలివి.

ముందు టెక్సస్. బోటుకీ మోటారుకీ 6.25 శాతం, అంటే 3,500 డాలర్లు. సిటీ టాక్స్, కౌంటీ టాక్స్ దీని మీద పడవు. కోట్‌లో 8.25 శాతం కనిపిస్తే అక్కడే ఆపి అడగండి. ట్రైలర్ మాత్రం మోటార్ వెహికల్ లెక్కలోకి వెళ్తుంది. రేటు అదే 6.25, అంటే 250 డాలర్లు. కానీ అది కౌంటీ టాక్స్ ఆఫీసులో, ట్రైలర్ రిజిస్ట్రేషన్‌తో పాటు కట్టాలి. బోటు, మోటారు కాగితాలు పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్‌వి: బోటుకి 143 ఫారం, మోటారుకి 144, టాక్స్ అఫిడవిట్ 314.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. టెక్సస్‌లో ఔట్‌బోర్డ్ మోటారుకి విడిగా టైటిల్, అంటే ఓనరు ఎవరో చెప్పే పత్రం, ఉంటుంది. అమ్మేవాడు బోటు టైటిల్ చేతిలో పెడతాడు, మోటారు టైటిల్ చూస్తే ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉంటుంది. పైగా బిల్ ఆఫ్ సేల్‌లో "బోటు, ట్రైలర్ మొత్తం 15,000" అని ఒకే ముక్క రాసేస్తాడు. బోటు ధర, మోటారు ధర, ట్రైలర్ ధర విడివిడిగా రాయించండి. పక్కనే హల్ నంబరు (బోటు బాడీ మీద ఉండే గుర్తింపు నంబరు), మోటారు సీరియల్ నంబరు ఉండాలి. డబ్బులు ఇచ్చాక ఈ మాట అడిగితే ఫోన్ కూడా ఎత్తరు. కొన్న దగ్గర్నుంచి 45 పనిదినాల్లో టాక్స్ కట్టాలి, దాటితే పెనాల్టీ.

ఇదే బోటు ఫ్లోరిడాలో అయితే 6 శాతం, 3,360. దాని పైన కౌంటీ సర్‌టాక్స్ ఉంటుంది, కానీ అది మొదటి 5,000 డాలర్ల మీదే. ఒక శాతం కౌంటీలో 50 డాలర్లు రావాలి. 560 అని ఉంటే మొత్తం ధర మీద వేసేశారన్నమాట. బోటు మీద టాక్స్ ఎంత పెరిగినా 18,000 దాటదు. మూడు లక్షల లోపు బోటు కొనేవాళ్లకి ఆ పరిమితితో పనిలేదనుకోండి. న్యూజెర్సీలో బోటుకి మామూలు రేటులో సగమే, 3.3125 శాతం. మన బోటుకి 1,855.

ఇప్పుడు అందరూ అడిగేది. "డెలావేర్‌లో సేల్స్ టాక్స్ లేదు కదా, అక్కడ కొని తెచ్చుకుంటే?" తెచ్చుకోవచ్చు. తెచ్చి మీ స్టేట్‌లో రిజిస్టర్ చేయించే రోజున యూజ్ టాక్స్ పేరుతో అదే డబ్బు అడుగుతారు. బోటు ఎక్కడ కొన్నారన్నది కాదు, ఎక్కడ వాడుతున్నారన్నదే వాళ్ల లెక్క. వేరే స్టేట్‌లో టాక్స్ కట్టి ఉంటే సాధారణంగా ఆ మేరకు తగ్గిస్తారు. సౌత్ కరోలినాలో బోటు టాక్స్‌కి గరిష్ఠ పరిమితి 500 డాలర్లు. అది కట్టి ఆ బోటుని వెంటనే ఫ్లోరిడాకి తెస్తే ఇంకా 2,860 కట్టాలి. ఆ 500 తగ్గాలన్నా రసీదు కావాలి, బిల్లులో టాక్స్ విడిగా కనబడాలి.

ఫ్లోరిడా డీలర్ దగ్గర కొని బయటి స్టేట్‌కి తీసుకెళ్లేవాళ్లకి మినహాయింపు ఉంది. అఫిడవిట్ మీద సంతకం చేసి, 10 రోజుల్లో బోటుని రాష్ట్రం దాటించాలి. బయటికి వెళ్లిందనడానికి ఫ్యూయల్, డాక్ రసీదులు దాచుకోండి. 90 రోజుల డెకాల్ (10 రోజుల బదులు 90 రోజుల దాకా ఉంచుకోనిచ్చే స్టిక్కర్) అనేది 5 నెట్ టన్నులు (బరువు కాదు, బోటు లోపలి జాగా కొలత), ఆపై బోట్లకే. మన పాంటూన్‌కి అది వర్తించదు.

కాలిఫోర్నియా వాళ్లకి రెండు మాటలు. పాత బోటుని డీలర్‌కి ఇచ్చి కొత్తదాని ధర తగ్గించుకున్నా (ట్రేడ్-ఇన్) అక్కడ టాక్స్ పూర్తి ధర మీదే వేస్తారు. బయట కొన్న బోటు 12 నెలల్లోపు లోపలికి వస్తే, అక్కడ వాడటానికే కొన్నారని ముందే అనుకుంటారు, కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే.

చివరగా, కోస్ట్ గార్డ్ దగ్గర డాక్యుమెంట్ చేయిస్తే (ఫెడరల్ రికార్డులో నమోదు చేయిస్తే) స్టేట్ టాక్స్ పడదని చెప్పే బ్రోకర్లున్నారు. ఆ డాక్యుమెంటేషన్ బోటు ఏ దేశానిదో, ఓనరు ఎవరో చెబుతుంది, అంతే. టాక్స్‌తో దానికి సంబంధం లేదు.