లాసిక్ తర్వాత చూపు, కొలువు: శ్రోతల ప్రశ్నలకు కంటి డాక్టర్ జవాబులు

(విజయవాడ, గుంటూరు శ్రోతలతో సాగిన ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి)

యాంకర్: మొదటి కాల్ సత్యనారాయణపురం నుంచి. చెప్పండి, డాక్టర్ గారు వింటున్నారు.

కాలర్: నమస్తే మేడమ్. నాకు 21 ఏళ్లు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ (రైలింజన్ డ్రైవర్‌కి సహాయకుడు) పోస్టుకి ప్రిపేర్ అవుతున్నా. రెండు కళ్లకీ మూడున్నర మైనస్ ఉండేది, పోయినేడు లాసిక్, అదే సైటుకి చేసే లేజర్ ఆపరేషన్, చేయించుకున్నా. ఇప్పుడు అద్దాల్లేకుండా చార్టులో ఆఖరి వరుస దాకా చదివేస్తున్నా. రైల్వే మెడికల్ పాసవుతానా?

డాక్టర్: సూటిగానే చెప్తాను బాబూ. లాసిక్ చేయించుకున్నవాళ్లు ఆ పోస్టుకి అర్హులు కారు. ఆ సంగతి నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. లాసిక్ ఒక్కటే కాదు, సైటు పోగొట్టుకోవడానికి చేసే ఏ ఆపరేషనైనా అంతే.

కాలర్: కోచింగ్‌లో సీనియర్లు ఆపరేషన్ అయితే ఆ పోస్టుకి కావాల్సిన ఏ-1 మెడికల్ కేటగిరీ వచ్చేస్తుందన్నారండి. మా నాన్న అప్పు చేసి మరీ కట్టారు.

డాక్టర్: అయ్యో. ఆ సీనియర్లు నోటిఫికేషన్‌లో జీతం దాకా చదివి ఆపేసినట్టున్నారు. కానీ ఆపరేషన్ వల్లే పోస్టు పోయిందని మాత్రం కుమిలిపోకు. మూడున్నర మైనస్‌తో వెళ్లినా ఏ-1లో నెగ్గేవాడివి కాదు. అక్కడ అద్దాల్లేకుండానే రెండు కళ్లకీ 6/6, అంటే మామూలు పూర్తి చూపు, ఉండాలి, దగ్గర చూపూ అద్దాల్లేకుండానే సరిపోవాలి. ఆ పైన ఫాగింగ్ టెస్ట్ ఉంటుంది. కంటి ముందు ప్లస్ 2 అద్దం పెట్టి చార్టు చదవమంటారు. మామూలు కంటికి అక్షరాలు మసకబారాలి. ఆ అద్దంతోనూ గడగడా చదివేశావంటే లోపల ప్లస్ పవర్ దాగుందని లెక్క. ఈ వయసులో కంటి కండరం దాన్ని కప్పిపుచ్చుతుంది, వయసు పెరిగేకొద్దీ బయటపడుతుంది. ఇవి కాక రంగులు, రాత్రి చూపు, రెండు కళ్లూ కలిసి పనిచేయడం, అన్నిటికీ వేర్వేరు పరీక్షలున్నాయి.

కాలర్: మనం చెప్పకపోతే తెలుస్తుందాండీ?

డాక్టర్: తెలుస్తుంది. లాసిక్‌లో కార్నియా, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శక భాగం, మీద సన్నటి పొర లేపి, లేజర్ కొట్టి, మళ్లీ మూస్తారు కదా. ఆ పొర అంచు స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోపు కింద చాలామందిలో ఏళ్ల తర్వాత కూడా కనిపిస్తుంది. కార్నియా ఆకారాన్ని మ్యాపు గీసే టోపోగ్రఫీ పరీక్ష తీస్తే కార్నియా మధ్యలో చదునైన సంగతి మ్యాపులోనే వచ్చేస్తుంది. దాచే ఆలోచన మానెయ్. నా మటుకు నాకు, ఆపరేషన్ అయినవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం సబబనిపించదు. రాత్రి ఏ ఇబ్బందీ లేనివాళ్లు బోలెడుమంది. అయినా రూలు రూలే.

యాంకర్: మరి ఈ అబ్బాయికి వేరే దారి?

డాక్టర్: ఉంది. రైల్వేలోనే అద్దాలకు ఒప్పుకునే మెడికల్ కేటగిరీలున్నాయి. ప్రతి పోస్టుకీ ఎదురుగా కేటగిరీ రాస్తారు. అది చూసి, లాసిక్ గురించి ఏం రాశారో చదివాకే అప్లై చెయ్. సైన్యం, వైమానిక దళాల్లో కొన్ని విభాగాలు షరతులతో లాసిక్‌ను ఒప్పుకుంటాయి. 20 ఏళ్లు నిండాక చేయించుకుని ఉండాలి, చేయించుకుని ఏడాది దాటాలి, కార్నియా మందం 450 మైక్రాన్లకు తగ్గకూడదు. ఆపరేషన్ నాటికి నీకు 20 నిండాయా?

కాలర్: నిండాయండి, రెండు నెలల ముందే.

డాక్టర్: అయితే ఆస్పత్రి ఫైలు జాగ్రత్తగా పెట్టుకో. తేదీ, పాత పవర్, కార్నియా మందం అన్నీ అందులోనే ఉంటాయి.

యాంకర్: ఆటోనగర్ నుంచి ఒక లారీ డ్రైవర్ గారు చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండన్నా.

కాలర్: నమస్తే డాక్టరమ్మా. నాకు 38. ఆరున్నర సైటుండేది, ఐదు నెలల కిందట లేజర్ చేశారు. పగలు బ్రహ్మాండంగా ఉంది. రాత్రి హైదరాబాద్ రోడ్డెక్కి నందిగామ దాటానంటే, ఎదురొచ్చే బండి లైటు చుట్టూ పెద్ద వలయం. రెండు లైట్లూ కలిసిపోతున్నాయి. మధ్యలో బైకు ఉందో లేదో తెలీట్లా. ఆస్పత్రిలో అడిగితే 6/6 వచ్చింది, ఇంకేం కావాలన్నారు.

డాక్టర్: మీరు చెప్పేది నిజమే, చార్టు చెప్పేదీ నిజమే. చార్టులో తెల్లటి వెలుగు మీద నల్లటి అక్షరాలుంటాయి. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది. లేజర్ సరిచేసిన మేర సాధారణంగా ఆరు, ఆరున్నర మిల్లీమీటర్లు. పాప దాన్ని దాటి విచ్చుకుంటే అంచుల నుంచి వచ్చే వెలుగు సరిగ్గా ఒకచోట పడదు, అదే వలయం. పెద్ద పవర్ తీయించుకున్నవాళ్లలో ఇది ఎక్కువ. కొద్దిగా పవర్ మిగిలినా, కన్ను పొడిబారినా ఇంకా ఎక్కువవుతుంది. మీ లైసెన్సు ఫారంలో ఏముంటుంది? పట్టపగలు 25 మీటర్ల దూరం నుంచి నంబర్ ప్లేటు చదవగలరా అని. నందిగామ దగ్గర అర్ధరాత్రి సంగతి అది చెప్పదు.

కాలర్: తగ్గుతుందా అమ్మా? బండికి కిస్తీలున్నాయి.

డాక్టర్: చాలామందికి మూడు నుంచి ఆరు నెలల్లో తగ్గుముఖం పడుతుంది, కొందరికి ఇంకా పడుతుంది. అప్పటిదాకా రాత్రి లోడు ఒప్పుకోవద్దు. కిస్తీల బాధ నాకు అర్థమవుతుంది, అయినా ఇది బతిమాలి చెబుతున్న మాట. ఈలోపు మళ్లీ పవర్ చూపించుకోండి. అర పాయింటు సిలిండర్ (అడ్డంగా, నిలువుగా తేడా ఉండే పవర్) మిగిలినా రాత్రికి సన్నటి అద్దాలిస్తారు. ఆపరేషన్ చేయించుకుని మళ్లీ అద్దాలేంటని మొహమాటపడకండి. పవర్ మారుతూ పోతుంటే మాత్రం వెంటనే టోపోగ్రఫీ తీయించాలి. కార్నియా బలహీనపడి ముందుకు ఉబ్బడం అరుదే కానీ ఉంది. కళ్లు నలపడం పూర్తిగా మానేయండి. ఇంకొకటి, నలభై దాటాక మీకూ చత్వారం వస్తుంది. ఇదివరకు అద్దాలు తీసేసి బిల్లు చదివేవారు కదా, ఇప్పుడు ఆ వీలు లేదు. రేపు ఎప్పుడో శుక్లం ఆపరేషన్ అయితే, లేజర్ జరిగిందని ముందే చెప్పాలి. లేకపోతే లోపల పెట్టే లెన్సు పవర్ లెక్క తప్పుతుంది.

యాంకర్: టైమ్ తక్కువుంది. గుంటూరు మిర్చి యార్డు నుంచి, త్వరగా చెప్పండి.

కాలర్: గుమస్తాగా చేస్తానండి. లాసిక్ అయి రెండు నెలలు. మిర్చి టిక్కీలు (బస్తాలు) విప్పగానే కళ్లు భగ్గుమంటున్నాయి, ఇసుక పోసినట్టుంది.

డాక్టర్: పొర లేపేటప్పుడు కార్నియా నరాలు తెగుతాయి, అందుకే కొన్ని నెలలు కన్ను పొడిగా ఉంటుంది. దాని మీద మిర్చి ఘాటు. ప్రిజర్వేటివ్ లేని టియర్ డ్రాప్స్ వాడుతున్నారా?

కాలర్: మంటగా ఉన్నప్పుడు వేసుకుంటున్నానండి.

డాక్టర్: మంట వచ్చేదాకా ఆగొద్దు, మీ డాక్టర్ చెప్పిన వేళలకి వేయండి. యార్డులో ఉన్నంతసేపూ పక్కలు మూసుకునే గాగుల్స్ పెట్టుకోండి.

కాలర్: ముక్కుకి మాస్కు కట్టుకుంటున్నానండి.

డాక్టర్: మంచిదే, కానీ నేను అడిగింది కళ్ల గురించి!