నారు పోసినవాడు నీరు పోస్తాడు సరే, నాటు వేసేదెవరు?

అందరికీ వందనాలు.

సువార్త పనికి తర్ఫీదు ఇచ్చే మిషన్ శిక్షణ శిబిరానికి బయలుదేరే వాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు వరసగా చెబుతాను, వినండి. ఏ బైబిలు తీసుకెళ్ళాలి? గిటారు పట్టుకెళ్ళవచ్చా? ఉపవాసాలు ఎక్కువగా ఉంటాయా? ఇంతే. స్నానానికి ఎన్ని నీళ్ళు దొరుకుతాయని గానీ, ఒక గదిలో ఎంతమందిని పడుకోబెడతారని గానీ ఎవరూ అడగరు. "మరి సిద్ధపడ్డావా తమ్ముడూ?" అంటే వెంటనే సామెత వచ్చేస్తుంది: "నారు పోసినవాడు నీరు పోయడా అన్నా!"

ఈ సామెత వింటే నాకు ఒళ్ళు మండుతుంది. సామెత తప్పని కాదు. దేవుడు నీరు పోస్తాడు, ఆ నమ్మకం నాకూ ఉంది. కానీ వరి పండించే ఊళ్ళ నుంచి వచ్చిన వాళ్ళు కూడా నారుకూ నీటికీ మధ్య నాటు అనే పని ఒకటి ఉందని మరిచిపోతే ఎలా?

నారుమడిలో మొక్క ఎంత ఏపుగా ఉంటుందో చూసే ఉంటారు. పచ్చగా, ఒత్తుగా, పక్క మొక్కను ఆనుకుని హాయిగా ఉంటుంది. దాన్ని పీకి, కట్ట కట్టి, వేరే మడిలో బురదలో గుచ్చుతారు. ఆ తరువాత కొన్ని రోజులు అది పసుపుబారి, తల వాల్చేసి, ఇక బతకదేమో అన్నట్టు ఉంటుంది. వేళ్ళు కొత్త మట్టిని పట్టుకున్నాక మూన తిరుగుతుంది, మళ్ళీ పచ్చబడుతుంది. మన సంఘం, మన యవ్వనస్తుల కూటం, మన అమ్మ చేతి వంట, అదంతా నారుమడి. శిబిరం అంటే నాటు. తల వాల్చే ఆ రోజులు అందరికీ వస్తాయి, మోకాళ్ళ మీద గంటలకొద్దీ ప్రార్థించే వాళ్ళకు కూడా.

అసలు పొరపాటు ఎక్కడుందంటే, మనకు శిబిరం అనగానే ఉజ్జీవ సభలు గుర్తుకొస్తాయి. మూడు రోజులు, పందిరి కింద భోజనాలు, చివరి రోజు కన్నీళ్ళు, ఇంటికి బస్సు. మిషన్ శిక్షణ అలా ఉండదు. 1960లో లోరెన్ కన్నింగ్‌హామ్ ప్రారంభించిన యూత్ విత్ ఎ మిషన్ అనే సంస్థ వారి డిసైపుల్‌షిప్ ట్రైనింగ్ స్కూలునే, అంటే శిష్యత్వ శిక్షణ బడినే తీసుకోండి. దాదాపు మూడు నెలలు తరగతులు, ఆ తరువాత రెండు మూడు నెలలు బయట ప్రాంతంలో పరిచర్య. అన్ని నెలలు ఒకే గుంపుతో తినాలి, పడుకోవాలి, గిన్నెలు తోమాలి. ఆపరేషన్ మొబిలైజేషన్ అనే మిషన్ సంస్థ వారి, రేవు రేవుకూ పుస్తకాలతో తిరిగే లోగోస్ హోప్ ఓడ ఎక్కాలని కలలు కనే వాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఆ ఓడలో రకరకాల దేశాల వాళ్ళు జీతం లేకుండా పని చేస్తారు. మైకు పట్టుకోవడానికే అక్కడికి వెళ్తున్నామనుకుంటే ఎలా? వంటగదికీ ఇంజను గదికీ మనుషులు కావాలి కదా!

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన శిబిరం గురించి చెబుతాను. కొంచెం ఎక్కువ సేపు చెబుతాను, ఓర్చుకోండి.

[తెర మీద: మెక్సికో పటం, దక్షిణాన చియాపాస్]

విలియం కామెరాన్ టౌన్సెండ్ అనే అమెరికన్ 1917లో స్పానిష్ బైబిళ్ళు అమ్ముకుంటూ గ్వాటెమాలా వెళ్ళాడు. అక్కడి కక్చికెల్ జనానికి స్పానిష్ సరిగా రాదని గ్రహించి, ఆ భాష నేర్చుకుని అందులోకి కొత్త నిబంధనను అనువదించాడు. 1934లో ఆర్కన్సాలోని ఒక పొలంలో బైబిలు అనువాదకులకు శిక్షణ మొదలుపెట్టాడు. మొదటి ఏడాది విద్యార్థులు ఇద్దరు. కుర్చీలు లేవు, మేకులు పోసుకునే పీపాల మీద కూర్చున్నారు. భాషాశాస్త్రం అక్కడ నేర్పారు, బాగానే ఉంది. కానీ అమెజాన్ అడవికి వెళ్ళే మనిషికి వ్యాకరణం ఒక్కటీ వస్తే చాలదు కదా! అందుకే 1945లో చియాపాస్ అడవిలో జంగిల్ క్యాంపు పెట్టారు.

దాంట్లో నాకు నచ్చింది దాని వరస. ముందు ప్రధాన స్థావరం. అక్కడ గుడిసెలు ఉంటాయి, వంట ఉంటుంది. నడక, ఈత, తెడ్డు వేసి దోనె నడపడం, సూది మందు వేయడం నేర్పేవారు. ఆ తరువాత ఇంకా లోపలికి, రెండో స్థావరానికి పంపేవారు. అక్కడ ఏమీ ఉండదు. కర్రలు నరికి, తీగలతో కట్టి, ఎవరి పాక వాళ్ళే వేసుకోవాలి. ఎవరి పొయ్యి వాళ్ళే మట్టితో మెత్తుకోవాలి. మెత్తిన మట్టి ఆరక ముందే మంట పెడితే పొయ్యి బీటలు వారుతుంది. ఆకలి వేస్తోందని తొందరపడితే రేపు మళ్ళీ మొదటి నుంచీ మొదలే. ఓర్పు మీద నేను విన్న ప్రసంగాలన్నీ కలిపినా ఆ పొయ్యి అంత బాగా చెప్పలేవు. చివరలో ఒంటరిగా అడవిలో రాత్రి గడపడం, చుట్టుపక్కల త్సెల్తాల్ అనే ఆదివాసుల గ్రామాల్లో ఉండి రావడం.

గమనించారా? అదంతా నాటు పద్ధతే. ముందు పలుచని నీరు, తరువాత లోతు. మొదటి రోజే పొలం నిండా నీరు పెట్టి నారును ముంచరు.

ఇది కష్టాల కోసం కష్టాలు పెట్టడం కాదు, అది స్పష్టంగా చెప్పాలి. కొన్ని చోట్ల సైనిక శిబిరంలా అరవడం, అవమానించడం, దానికి శిష్యత్వం అని పేరు పెట్టడం జరుగుతూ ఉంటుంది. నాకు అది సుతరామూ నచ్చదు. జంగిల్ క్యాంపులో పొయ్యి మెత్తించింది రేపు నిజంగా ఆ పొయ్యి మీదే వండుకోవాలి కాబట్టి. 1947లో ఆ క్యాంపు నుంచి బయలుదేరిన చిన్న విమానం కూలింది. టౌన్సెండ్ కాలు విరిగింది, ఆయన భార్య ఎలైన్‌కూ దెబ్బలు తగిలాయి. ఆ స్థితిలోనే ఆయన ఆ శిథిలాలను చిత్రీకరించమన్నాడు, అడవికి భద్రమైన విమానాలు ఎంత అవసరమో జనానికి చూపించడానికి. మరుసటి ఏడాదే వాళ్ళ విమాన సేవల సంస్థ జార్స్ పుట్టింది. నీరు పోసేవాడు దేవుడే అని ఆయనా నమ్మాడు. కానీ ఊరికే కూర్చోలేదు.

సరే, మన సంగతికి వద్దాం. ముందు ఒళ్ళు. మీరు రాత్రి ఒంటిగంట వరకు ఫోను చూసి ఎనిమిదింటికి లేచే మనిషైతే, శిబిరంలో తెల్లవారుజామున ధ్యానానికి గంట కొట్టినప్పుడు బైబిలు తెరిచి నిద్రపోతారు. ఒక నెల ముందు నుంచే నిద్ర వేళలు మార్చుకోండి. కొత్త బూట్లు కొంటే ఇంటి దగ్గరే తొడిగి నడవండి. ఊరు కాని ఊళ్ళో మడమ బొబ్బ ఎక్కితే సువార్త పని కుంటుతూ చేయాలి. ఒక బకెట్ నీళ్ళతో తల స్నానం, ఇంకో బకెట్‌తో బట్టలు ఉతకడం అలవాటు చేసుకోండి. అబ్బాయిలూ, మీకే చెబుతున్నాను. అమ్మ ఉతికితే ఆరేసుకోవడం ఉతకడం కిందికి రాదు.

తరువాత వంటగది. నేను గట్టిగా చెప్పదలచింది ఇదే. శిబిరంలో గొడవలు సిద్ధాంతాల మీద రావు, గుండిగ మీద వస్తాయి. నలభై మందికి పప్పు వండిన గుండిగ అడుగంటితే దాన్ని ముందు రాత్రే నానబెట్టాలి. నానబెట్టడం మరిచిపోయింది ఒకరు, పొద్దున్నే తోమేది ఇంకొకరు. ఆ ఇంకొకరు పీచు పట్టుకుని అరగంట గీకుతూ, పక్క గదిలో ఆరాధన పాటలు పాడుతున్న మొదటి వ్యక్తి గొంతు వింటూ ఉంటారు. క్షమాపణ అనే పాఠం అక్కడ మొదలవుతుంది. అందుకే వెళ్ళే ముందు మీ సంఘంలో ప్రేమవిందు జరిగినప్పుడు వడ్డించడానికి పరుగెత్తకండి, అది అందరికీ కనిపించే పని. వెనక పంపు దగ్గర కూర్చుని గుండిగలు తోమండి.

తిండి. ఉత్తరాది శిబిరమైతే రోటీలు. మనవాళ్ళకు అన్నం లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు. ఆవకాయ తీసుకెళ్ళండి, నేను వద్దనను. సీసా మూత కింద పాలిథిన్ కాగితం బిగించి, మళ్ళీ సంచిలో కట్టండి. లేకపోతే నూనె కారి కీర్తనల గ్రంథం దగ్గర నుంచి ప్రకటన గ్రంథం వరకు ఎర్రబడుతుంది. కానీ రోజూ సీసా తీసి తెలుగువాళ్ళంతా ఒక మూల చేరకండి. రైతు నారును కట్టకు కట్ట ఒకే చోట గుచ్చడు. రెండు మూడు మొక్కల చొప్పున విడదీసి నాటితేనే పిలకలు వేస్తుంది. అన్నట్టు, నారు కొనలు తుంచి నాటుతారు, ఎందుకో తెలుసా? కాండం తొలిచే పురుగు గుడ్లు కొనల మీద ఉంటాయి కాబట్టి. మీ కొన మీ ఫోను. బయలుదేరక ముందే కొంత తుంచండి.

చెవి. టౌన్సెండ్ దగ్గర 1935లో చేరిన కెన్నెత్ పైక్ తరువాత పెద్ద భాషావేత్త అయ్యాడు. అంతకుముందు చైనాకు వెళ్తానంటే అక్కడి మిషన్ వారు ఆయనను వద్దన్నారు. ఆయన వేదిక మీద తనకు తెలియని భాష మాట్లాడే మనిషిని నిలబెట్టి, ఉమ్మడి భాష ఏదీ వాడకుండా, ఒక ఆకు, ఒక పుల్ల చూపిస్తూ ఆ భాష నిర్మాణాన్ని అక్కడికక్కడే రాబట్టేవాడు. మీరూ చేయవచ్చు. మీ వీధిలో ఇల్లు కట్టే ఒడియా, బిహారీ కూలీల దగ్గర పది మాటలు నేర్చుకోండి. ముందు వినడం, తరువాత మాట్లాడడం. మన బోధకులకు రెండోది మాత్రమే వస్తుంది, ఏమీ అనుకోకండి.

సమయం అయిపోవచ్చింది, మిగిలినవి గబగబా. రుసుములో ఏమేమి కలిసి ఉన్నాయో కాగితం మీద అడగండి. బయటి పరిచర్య ప్రయాణ ఖర్చు చాలాచోట్ల వేరుగా ఉంటుంది. ఎల్లో ఫీవర్ ఉన్న ఆఫ్రికా దేశాలకు వెళ్ళే బృందమైతే దాని టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఆ పత్రం ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాదులో అయితే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. రోజూ వేసుకునే మందులు ఉంటే చీటీతో సహా పెట్టుకోండి, విశ్వాసం పేరుతో ఆపకండి. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచుకోండి. ఇంటికి ఎప్పుడు ఫోను చేయనిస్తారు, ఇబ్బంది వస్తే నాయకుడు కాకుండా ఇంకెవరికి చెప్పుకోవచ్చు, ముఖ్యంగా అమ్మాయిలకు ఆ బాధ్యత చూసే స్త్రీ ఎవరు అని ముందే అడగండి. ఈ ప్రశ్నలకు చిరాకు పడే శిబిరానికి వెళ్ళకండి.

చివరిగా పాస్టరుగార్లకు ఒక మాట. ఎవరైనా మధ్యలో తిరిగి వస్తే ఆదివారం వేదిక మీద నిలబెట్టి కారణం అడగకండి అయ్యగారూ. ఇంటికి పిలిచి భోజనం పెట్టండి, చెప్పదలిస్తే వాళ్ళే చెబుతారు.