పాచి పట్టిన ఈస్ట్

శ్రోతలకు నమస్కారం.

కోనేటి మెట్ల మీద పాచి ఎలా ఉంటుందో, వానాకాలంలో కపిలతీర్థం వెళ్లినవాళ్లకు చెప్పక్కర్లేదు. చెంబెడు నీళ్లు పోస్తే పోదు, కాలు పెడితే మనల్నే పడేస్తుంది. ఆసుపత్రిలో ఒంట్లోకి పెట్టిన గొట్టాల మీద, తాతయ్య తీయకుండా పడుకునే పళ్లసెట్టు మీద కూడా అలాంటి పాచే పడుతుంది. దాన్ని కట్టేవాటిలో ఒకటి కాండిడా అనే ఈస్ట్. ఆ పాచి పేరు బయోఫిల్మ్.

కాండిడా చాలామంది నోట్లో, పేగుల్లో ఊరికే ఉంటుంది. ఒంట్లో సత్తువ తగ్గితే తిరగబడుతుంది. దీని జాతిలోనే కాండిడా ఆరిస్ అని ఒక మొండిఘటం ఉంది. జపాన్‌లో ఒక పేషెంటు చెవిలో దొరికిన దీన్ని 2009లో లోకానికి తెలిపారు. లాటిన్‌లో ఆరిస్ అంటే చెవే. మనం మామూలుగా వాడే ఫ్లూకోనజోల్ అనే మందుకు ఇది చాలాసార్లు లొంగదు. పాచి కట్టిందంటే మరీ కష్టం. తన చుట్టూ అల్లుకున్న జిగురులోనే మందు చిక్కుకుపోతుంది. విడిగా తేలే ఈస్ట్‌ను చంపే మోతాదుకు వంద రెట్లు వేసినా ఒక్కోసారి చాలదు.

అందుకే కొత్త మందును పాచి మీదే పరీక్షిస్తారు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పళ్లెం, దానికి 96 గుంటలు. ఈస్ట్ వేసి 37 డిగ్రీల్లో ఒక రోజు ఉంచితే అడుగున పాచి కడుతుంది. తేలేవాటిని కడిగేసి మందు పోస్తారు. మర్నాడు ఎక్స్‌టీటీ అనే రసాయనం వేస్తే, బతికున్న కణాలు దాన్ని నారింజ రంగుకు తిప్పుతాయి. రంగు రాకపోతేనే మనకు పండగ.

తిరుపతిలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు నాకొకసారి ఎనిమిది గుంటల్లో రంగు రాలేదు. ఎగిరి గంతేశాను. మా మేడమ్ తాపీగా, "మందు వెయ్యని గుంటలు చూసినావా అప్పా?" అన్నారు. వాటిలోనూ రంగు లేదు! పిపెట్‌తో గట్టిగా కడిగి పాచినంతా నేనే ఊడగొట్టాను.

సరిగ్గా కడిగి, నిజంగానే పాచి చచ్చినా పని అయిపోదు. బ్యాక్టీరియాలా కాదు, ఈస్ట్ కణం చాలావరకు మన కణంలాంటిదే. దాన్ని చంపేది మనల్నీ చంపొచ్చు. అందుకని అదే మందును మనిషి ఎర్ర రక్తకణాల్లో కలిపి, కాసేపాగి గొట్టాన్ని గిర్రున తిప్పుతారు. కణాలు అడుగుకు దిగి పైనీళ్లు తేటగా ఉంటే సరే. ఎర్రబడితే, కణాలు పగిలాయన్నమాట. ఎంత ఆశ పెట్టుకున్నా ఆ మందును పక్కన పెట్టి, ఇంకో సీసా మూత తీయాల్సిందే.