వాన అంతే పడుతోంది, మరి వాగెందుకు ఎండుతోంది? (ఫోన్-ఇన్)

యాంకర్: బ్రేక్ తర్వాత మళ్లీ స్వాగతం. ఏళ్లు గడిచేకొద్దీ నదుల్లో నీళ్లెందుకు తగ్గిపోతున్నాయో మాట్లాడుకుంటున్నాం, స్టూడియోలో హైడ్రాలజీ, అంటే నీటి శాస్త్రం, ప్రొఫెసర్ గారున్నారు. హలో, చెప్పండి.

కాలర్ 1: నమస్తే సార్, డిగ్రీ చదువుతున్నాను. మంచుకొండలు కరుగుతున్నాయంటున్నారు కదా, అలాగైతే నదుల్లో నీళ్లు పెరగాలి కదా సార్?

ప్రొఫెసర్: పెరుగుతాయమ్మా, కొన్నాళ్లు. ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి వాడుకుంటుంటే చేతిలో డబ్బులు ఆడతాయి చూడు, అలాగన్నమాట. మంచు ఓ హద్దు దాటి చిన్నదైపోయాక ఎంత ఎండ కాసినా కరగడానికి ఏం ఉండదు, అక్కణ్నుంచి ఎండాకాలం నీళ్లు పడిపోతాయి. యూరప్‌లో ఆల్ప్స్ కొండల్లో, దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల్లో కొన్నిచోట్ల ఆ దశ దాటిపోయింది కూడా.

యాంకర్: థాంక్యూ. నెక్స్ట్ కాలర్.

కాలర్ 2: అయ్యా నమస్కారం, వినపడుతోందా? టీవీ సౌండు తగ్గించమన్నారు, తగ్గించాను. ఏం లేదండీ, మా పొలం వాగు ఒడ్డునే. మా చిన్నప్పుడు నడి ఎండాకాలంలో కూడా వాగు ఇసకలో చెలమ తీస్తే మోచెయ్యి లోతుకే నీళ్లు ఊరేవి, బురద నీళ్లు రెండుసార్లు తోడి పారబోస్తే తేటగా వచ్చేవి, దోసిలి పట్టి తాగేవాళ్లం. మొన్న మనవడూ నేనూ తవ్వాం, నా నడుము దాటి దిగినా పొడి ఇసకేనండీ, చెమ్మ కూడా తగల్లా. పోనీ వాన తగ్గిందా అంటే అదీ లేదు, మా అన్నయ్య నలభై ఏళ్లు వాన కొలిచి పుస్తకంలో రాసిపెట్టాడు, ఆయనకదో పిచ్చి, ఇప్పుడా పుస్తకం నా దగ్గరే ఉంది, అటూఇటూగా అంతే పడుతోంది. మరి వాగెందుకు...

యాంకర్: ప్రశ్న అర్థమైందండి...

కాలర్ 2: ఉండమ్మా, అసలు సంగతి చెప్పలా. వానొస్తే రెండు రోజులు ఎర్రగా పొర్లిపోతుంది, మూడో రోజుకి పాదం తడవదు.

ప్రొఫెసర్: పెద్దాయనా, జవాబు కూడా మీరే చెప్పేశారు. నేనెప్పుడూ మొత్తుకునేదే, వాన లెక్క వేరు, ఏటి లెక్క వేరు. పడ్డదాంట్లో ముందు నేల తాగుతుంది, చెట్టూచేమా తాగుతాయి, కొంత ఆవిరైపోతుంది, వీళ్లందరి వాటా పోగా మిగిలిందే ఏటికి. ప్రపంచం మొత్తమ్మీద చూస్తే నేలమీద పడ్డ వానలో సగం పైనే ఆవిరిగా వెళ్లిపోతుంది. వేడి ఒక్క డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టగలదు, అంటే దాని దాహం పెరిగిందన్నమాట. దెబ్బంతా ఎవరిమీద? మిగులు మీద. ఆస్ట్రేలియాలో పెర్త్ అని ఉంది, 1970ల నడుమ నుంచి అక్కడ వాన ఐదో వంతు లోపే తగ్గింది, డ్యాముల్లోకొచ్చే నీళ్లు మాత్రం సగానికి పైగా పడిపోయాయి.

కాలర్ 2: అది సరేనండీ, మా దగ్గర వాన తగ్గలేదు కదా, వాగెందుకు ఎండుతోంది?

ప్రొఫెసర్: వస్తున్నా, వస్తున్నా. ఎండాకాలంలో మీరు తాగింది ఆ నెల వాన కాదండీ, ఒడ్డున నేలలో ఇంకి మెల్లగా దిగొచ్చిన ఊట. ఆ ఒడ్డున బోర్లెన్ని?

కాలర్ 2: మావి మూడు. అందరివీ కలిపితే లెక్కలేదు. కానీ మేం డ్రిప్ పెట్టామండీ, పైపుల్తో మొక్క మొదట్లోనే చుక్కచుక్కగా నీళ్లు.

ప్రొఫెసర్: మిగిలిన నీళ్లేం చేశారు?

కాలర్ 2: ఇంకో రెండెకరాలు వేశాం.

ప్రొఫెసర్: అదీ సంగతి! నీళ్లు పొదుపైనాయి, వాగుకి మాత్రం చుక్క రాలేదు. పైగా ఇదివరకు కాలవ పారిస్తే కొంత ఇంకి మళ్లీ వాగులోకే చేరేది, అదీ పోయింది. మీ తప్పని అనట్లేదు. ఇంకోటి, పుస్తకంలో తేదీలున్నాయా? ఏడాదికి ఎంత పడిందో వదిలేయండి, ఎన్ని రోజులు పడిందో లెక్కపెట్టండి. అదే వాన నాలుగు రోజుల్లో కుమ్మేస్తే నేలకి తాగే టైమేదీ? ఎర్రమట్టి మోసుకుని పోతుంది.

యాంకర్: ఓకే అండి. నెక్స్ట్... హలో? లైన్ కట్ అయింది. ఇంకో కాలర్.

కాలర్ 3: సార్, పెద్ద డ్యామ్ ఒకటి కట్టేస్తే అయిపోద్ది కదా?

ప్రొఫెసర్: డ్యామ్ నీళ్లు దాస్తుంది బాబూ, పుట్టించదు. అమెరికాలో కొలరాడో నదిని 1922లో రాష్ట్రాలు పంచుకున్నాయి, ఆ లెక్క వేసింది బాగా వానలు పడ్డ ఏళ్లు చూసి. నదిలో లేని నీళ్లు కాగితం మీద పంచుకున్నారు. డ్యాములు పెద్దవే కట్టారు, 2000 తర్వాత ప్రవాహం పోయిన శతాబ్దం సగటు కంటే ఐదో వంతు దాకా తగ్గింది, నది సముద్రం దాకా చేరడమే అరుదు.

యాంకర్: థాంక్యూ. మేడమ్, చెప్పండి.

కాలర్ 4: సార్, మా మహిళా సంఘం తరఫున మొక్కలు నాటుతున్నాం, నది మళ్లీ వస్తుందా?

ప్రొఫెసర్: మంచి పనేనమ్మా, కానీ ఏం నాటుతున్నారు, ఎక్కడ? గడ్డినేలలో యూకలిప్టస్ తోట వేస్తే ఏరు తగ్గుతుంది. దక్షిణాఫ్రికాలో అయితే 1998 నీటి చట్టంలో ఇలాంటి కలప తోటల్ని ఏటి ప్రవాహం తగ్గించే పని కిందే లెక్కగట్టారు, లైసెన్సు ఉండాలి. అలాగని ఉన్న అడవి నరికితే మంచిదా అంటే, నరికిన కొత్తలో నీళ్లు ఎక్కువే పారతాయి, తర్వాత నేల గట్టిపడి ఇంకుడు పోతే వరదే వస్తుంది, ఊట రాదు. మళ్లీ చెప్తున్నా, వాన లెక్క వేరు...

యాంకర్: ఏటి లెక్క వేరు. (నవ్వు) ఇందాకటి పెద్దాయన మళ్లీ లైన్లో ఉన్నారట.

కాలర్ 2: అయ్యా, పుస్తకం తీశాను. మొదటి ఏడాది జులైలో పదిహేడు రోజులు పడింది, పోయినేడు జులైలో ఆరే. మొత్తం మాత్రం పోయినేడే కాస్త ఎక్కువ.

ప్రొఫెసర్: రెండేళ్లు చాలవండీ, నలభయ్యీ తీయండి, అప్పుడు నమ్ముతా. బావిలో నీటిమట్టం కూడా నెలకోసారి కొలిచి పక్కనే రాయండి.

కాలర్ 2: రాస్తాను. మోటారు ఆపి కొలవాలా, ఆడుతుండగానా?

ప్రొఫెసర్: ఆపి. రాత్రంతా ఆపి, పొద్దున్నే.

కాలర్ 2: కరెంటొచ్చేదే రాత్రండీ...

యాంకర్: సారీ అండి, టైమ్ అయిపోయింది. నమస్కారం.