ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ డ్యాంపర్లు: 80, 100, 120 న్యూటన్లలో ఏది తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. స్పిన్ మొదలవగానే మీ ఫ్రంట్ లోడ్ మెషిన్ దబదబా కొట్టుకుంటాందా? ఉన్న చోటు వదిలి ముందుకొస్తాందా? అయితే ముందు అనుమానించాల్సింది టబ్బు కిందుండి దాని ఊపును అడ్డుకునే డ్యాంపర్లనే. 80, 100, 120 న్యూటన్లు అని దొరుకుతాయి. వాటిమీదే ఈ రివ్యూ.

ఇందులో బైకు షాకబ్జార్బర్‌లో లాగా ఆయిల్ ఉండదు. ఒక గొట్టం, లోపల కడ్డీ, మధ్యలో గ్రీజు పట్టించిన స్పాంజి, అంతే. ఆయిల్‌దైతే ఎంత జోరుగా లాగితే అంత అడ్డుకుంటుంది. ఇది మెల్లగా లాగినా, జోరుగా లాగినా దాదాపు ఒకే బలంతో పట్టుకుంటుంది. ఒంటిమీద రాసిన నంబరు ఆ బలమే.

లెక్క చూడండి. టబ్బు బరువు 40 కిలోలు, బట్టలు ఒకవైపు 300 గ్రాములు ఎక్కువ, మధ్య నుంచి 24 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. స్ప్రింగుల సొంత ఊపు 200 ఆర్‌పీఎం (నిమిషానికి 200 చుట్లు) దగ్గర వస్తుందనుకుంటే, అక్కడ కుదిపే బలం 32 న్యూటన్లు. డ్యాంపర్ల రాపిడి దాంట్లో π/4 వంతు (సుమారు 0.79), అంటే 25 న్యూటన్ల కన్నా తగ్గిందా, ఊపు ఆగదు. ఎందుకంటే ఊపు రెండింతలైతే లోపలికొచ్చే శక్తీ రెండింతలే, రాపిడి తినేసేదీ రెండింతలే. మొదట్లో ఓడిన రాపిడి ఎప్పటికీ గెలవలేదు. టబ్బు పోయి బాడీకి కొట్టుకునేదాకా ఊపు పెరుగుతూనే పోతుంది. ఈ లెక్కను 1931లోనే డెన్ హార్టాగ్ అనే ఇంజనీరు పక్కాగా తేల్చాడు.

అట్లయితే 120వి రెండు వేసేస్తే పోలేదా? వద్దండి. ఇదే లెక్కలో 80వి జత 450 ఆర్‌పీఎం దాకా, 100వి 500 దాకా, 120వి 550 దాకా టబ్బును కదలనీయవు. అప్పటిదాకా స్ప్రింగులున్నా లేనట్టే, కుదుపంతా నేలకే. 1200 దగ్గరైతే 120వి రెండూ కలిసిన ఆ 240 న్యూటన్లు అటూ ఇటూ ఠక్కున తిరుగుతూ బాడీని తడతాయి, రేకు జుమ్మంటుంది. పైగా వేడి: 100వి జతలో స్పిన్ నడిచినంతసేపూ సుమారు 29 వాట్లు. మన కర్నూలు ఎండల్లో గ్రీజు ఇంకా పలచబడి పట్టు తగ్గుతుంది.

నా తీర్పు: పాతదాని మీద ఏ నంబరుందో అదే వేయండి. రెండూ ఒకేసారి మార్చండి.

చెక్ చేయడం సులభం. ప్లగ్ తీసి, నీళ్లు వదిలేసి, పిన్నులు ఊడదీయండి. డ్యాంపర్‌కు లగేజీ కాటా తగిలించి ఒకే వేగంతో లాగండి. కదలడం మొదలయ్యేటప్పుడు చూపే అంకె వదిలేయండి, అది ఎప్పుడూ ఎక్కువే. జారుతున్నప్పటి అంకె చూడండి. 100 న్యూటన్లదైతే 10 కిలోలు రావాల. ఒకటి రెండు కిలోలకే జారితే పారేయాల్సిందే.

మార్చినాక కూడా కొట్టుకుంటే నేల చూడండి. కడప బండలు పరిచిన ఇళ్లలో బండ కింద సిమెంటు నిండక డొల్లగా ఉంటుంది. తట్టి చూస్తే శబ్దం చెప్పేస్తుంది. మెషిన్ కాళ్లు అట్లాంటి బండమీద పెట్టొద్దు.

ఇంకొకటి, కిర్రుమంటాందని కడ్డీకి నూనె మాత్రం పూయకండి. ఆ స్పాంజి నూనె తాగిందంటే కొత్త డ్యాంపర్ కూడా ఆ రోజుతో సరి.