పోతు అరుపు, లేడి ఎద

శ్రోతలకు నమస్కారం.

గేదెలు మేపేవాళ్లకు మూగ ఎద సంగతి చెప్పక్కర్లేదు. లోపల అండం విడుదలవుతుంది, పైకి అరుపూ ఉండదు, తీగలూ కనపడవు. రెడ్ డీర్ అనే పెద్ద దుప్పుల్లోనూ (వీటిలో మగదాన్ని పోతు, ఆడదాన్ని లేడి అందాం) సీజనులో మొదటి అండం తరచు ఇలాగే వృథా అవుతుంది.

పగటి పొద్దు తగ్గేకొద్దీ రాత్రిళ్లు ఒంట్లో మెలటోనిన్ అనే హార్మోను ఎక్కువసేపు ఊరుతుంది. దాన్నిబట్టే ఎద సీజను. స్కాట్లాండులో అక్టోబరు, న్యూజిలాండులో ఏప్రిల్. ఆ సీజనులో ఏ రోజున అన్నది మాత్రం కొంత పోతు చేతిలో, అంటే దాని గొంతులో ఉంది. ఎదకాలంలో మందను కాసే పోతు రాత్రీ పగలూ, సగటున నిమిషానికి రెండుసార్లు అరుస్తుంది. ఇదంతా సాటి పోతుల్ని బెదిరించడానికే అనుకునేవారు. 1987లో అచ్చయిన ఒక పరిశోధనలో, కేరెన్ మెకోంబ్ అనే శాస్త్రవేత్త న్యూజిలాండు ఫారంలో లేళ్లకు రికార్డు చేసిన అరుపులు వినిపించారు. అరుపులు విన్న లేళ్లు, వినని లేళ్లకంటే ముందే ఎదకొచ్చాయి. వాసన లేదు, ఆకారం లేదు, ఉత్త శబ్దం!

ఫారం యజమానికి ఈ కొద్ది రోజులే లెక్క. చూడికాలం 233 రోజులు. ఏప్రిల్ 5న దాటితే నవంబరు 24న ఈత. అక్కడ పచ్చిక బలిసేది వసంతంలో, అంటే న్యూజిలాండులో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. ఈత ఆలస్యమైతే తల్లికి పాలు పొంగే వేళకు ఎండలకు గడ్డి ముదురుతుంది. ఒక ఎద తప్పితే 18 రోజులు పోయినట్టే.

అందుకే కొందరు వేసెక్టమీ (చూడి కట్టించకుండా చేసే ఆపరేషన్) చేసిన పోతును ముందుగా మందలో వదులుతారు, ఎదను పసిగట్టడానికి మనం వదిలే టీజర్ దున్న లాగే. ఆపరేషన్ అయిన వెంటనే వదిలితే మిగిలిన వీర్యకణాలతో అక్కర్లేని చూళ్లు కడతాయి. కొన్ని వారాలు ఆగాలి. అసలు పోతును తెచ్చేనాటికి దీన్ని తీసెయ్యాలి, లేకపోతే పొడుచుకుంటాయి. ఫారాల్లో కొమ్ములు ముందే కోసేస్తారు. కొమ్ము మీద నూగుతోలు ఇంకా ఊడని పోతువల్ల లాభం లేదు, దానికి మగ హార్మోను తక్కువ, అరవదు. ఏడాది వయసు కుర్రపోతుల్నే నమ్ముకోవడమూ పొరపాటే: ఫాలో డీర్ అనే మరో జాతిలో అలాంటివే ఉన్నప్పుడు ఆడవి ఆలస్యంగా ఎదకొచ్చాయి. పిల్ల పాలు తాగుతున్న లేడీ వెనకబడుతుంది కనుక, ఎద సీజనుకు ముందే పిల్లల్ని విడదీస్తారు.

పోతును కలిపాక 18 రోజులకోసారి అవే లేళ్లు మళ్లీ ఎదకొస్తుంటే ముందు పోతును మార్చాలి. జూన్‌లో స్కానింగ్ చేస్తే, పిండం వయసునుబట్టి ఏ లేడి ఏ ఎదలో చూడి కట్టిందో తేలిపోతుంది.